నాయనకు పెట్టిన పొగాకు

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. చనిపోయిన మా నాయనకు పెట్టిన ఆకులోంచి పొగాకు తీసి నా బుగ్గలో పెట్టుకున్నాను. నాయనే వచ్చి తీసుకున్నాడని మా అమ్మ చేతులెత్తి మొక్కుతుంటే, పక్కనే నిలబడి ఊరుకున్నాను. నేను పొగాకు మానేసి ఆ రోజుకు ఇరవై మూడు రోజులు.

మానేటప్పుడు ఏమేం జరుగుతుందో ఆసుపత్రిలో ఒక కాగితం ఇచ్చారు. తలనొప్పి, కోపం, నిద్ర పట్టకపోవడం, ఆకలి, అన్నీ అందులో ఉన్నాయి. అవన్నీ నాకు వచ్చాయి, పోయాయి. ఇంట్లోవాళ్ళకు అబద్ధం చెప్పాల్సి వస్తుందని మాత్రం అందులో లేదు. మానేవాళ్ళకు అది కూడా తెలిసి ఉంటే మంచిదని ఇది రాస్తున్నాను.

నేను తమిళనాడులో సూలూరు దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో ఇరవై రెండేళ్ళుగా ఫిట్టరుని. దూది ఉన్నచోట నిప్పు కూడదు. గేటు దగ్గర వాచ్‌మన్ జేబులు తడిమి బీడీలు, అగ్గిపెట్టెలు తీసి పెట్టుకుంటాడు. షిఫ్టు దిగాక తిరిగి ఇస్తాడు. పొగాకు పొట్లం జోలికి మాత్రం పోడు. దానికి నిప్పు అక్కర్లేదు కదా. అందుకే మా దగ్గర పొగ తాగేవాళ్ళకంటే బుగ్గలో పెట్టుకునేవాళ్ళు ఎక్కువ. నాకు ఎవరో అలవాటు చేశారని చెప్పుకోవచ్చు కానీ అది నిజం కాదు. నాయన పెట్టుకునేవాడు. నేనే అడిగి తీసుకున్నాను.

మొదట కారం తగిలితే బుగ్గ లోపల మండేది. నా భార్య భాగ్యం ఏమీ అనకుండా నాకోసం మిరపకాయ వెయ్యని పులుసు విడిగా తీసిపెట్టేది. నెలల తరబడి అలా తీసిపెట్టిందని కూడా నేను గమనించలేదు. తర్వాత నోరు తెరుచుకోవడం తగ్గింది. మూడు వేళ్ళు నిలువుగా పట్టాల్సిన నోట్లో రెండే పట్టేవి. ఒకరోజు మా కూతురు కావ్య జామకాయ కోసి ఇస్తే కొరకలేకపోయాను. ఆ పిల్ల నన్నే చూస్తుంటే ఆకలి లేదని పక్కన పెట్టాను. మరుసటి వారమే భాగ్యం బనియన్ కంపెనీలో కుట్టుపనికి సెలవు పెట్టి, నన్ను కోయంబత్తూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది.

అక్కడ గోడ పొడుగునా బల్లలు. చేతిలో టోకెన్ పెట్టుకుని పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. నా పక్కన పొల్లాచ్చి వైపు కొబ్బరి కళ్ళంలో పనిచేసే పెద్దాయన ఒకరు, చెంపకు తువ్వాలు అడ్డం పెట్టుకుని గొట్టంతో మజ్జిగ తాగుతున్నాడు. చాలాసేపు నన్ను చూసి తమిళంలో అడిగాడు.

"నీకు ఎన్ని వేళ్ళు పోతాయి?"

"రెండు."

"నాకు రెండు పోయే రోజుల్లో ఎవరూ చెప్పలేదు." నవ్వబోయాడు, మూతి కదల్లేదు. "చెప్పినా వినేవాణ్ణి కాదులే."

ఆయన సంచిలోంచి ఇంకో మజ్జిగ పొట్లం తీసి, నన్ను దాటించి భాగ్యం చేతికి ఇచ్చాడు. "ఈ అమ్మ పొద్దున్నుంచి ఏమీ తినలేదయ్యా" అన్నాడు. పక్కనే కూర్చున్న నాకు ఆ సంగతి తట్టలేదు. నా బుగ్గ గురించే ఆలోచిస్తూ ఉన్నాను.

లోపల డాక్టరమ్మ లైటు వేసి బుగ్గలో తెల్లమచ్చ చూసి, అందులోంచి కొంచెం ముక్క తీసి పరీక్షకు పంపింది. ఫలితం రావడానికి పది రోజులు. ఆ పది రోజులూ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అమ్మకు మాత్రం పన్ను నొప్పి అని చెప్పాం. ఆమెకు డెబ్బై రెండేళ్ళు, ఎందుకు భయపెట్టడం అని నేనే అన్నాను. తర్వాత జరిగినదంతా ఈ మాట దగ్గరే మొదలైంది.

ఫలితం చూసి డాక్టరమ్మ అంది: "ఇది ఇంకా క్యాన్సర్ కాదు. కానీ ఆ దారిలో ఉంది. ఈరోజుతో ఆపితే ఇక్కడితో ఆగొచ్చు. ఆపకపోతే నేనేమీ చెప్పలేను. రెండు నెలల తర్వాత చూస్తాను." పక్కనే పొగాకు మానిపించే సలహా గది ఉంది. అక్కడి మేడం నా మాటంతా విని, పొగాకు తలపు తగ్గడానికి చేతికి అతికించుకునే పట్టీలు రాయించి, ఆ కాగితం ఇచ్చింది. బయటికి వచ్చాక నా పొట్లాన్ని భాగ్యం చేతిలో పెట్టాను. చెత్తకుండీలో వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. ఆసుపత్రి కుళాయి కింద పెట్టి, తడిసి ముద్దయ్యేదాకా పట్టుకుని, అప్పుడు పడేసింది.

మొదటి మూడు రోజులు నేను మనిషిని కాను. తల చుట్టూ తాడు బిగించినట్టు ఉండేది. చదివిన లైనే మళ్ళీ చదివేవాణ్ణి. మిల్లులో సైరన్ మోగితే నోట్లో నీళ్ళు ఊరేవి. ఇన్నేళ్ళుగా సైరన్ మోగగానే పొట్లం విప్పడం అలవాటు. నా జోడీ సెబాస్టియన్ మిషను దగ్గర ఈల వేస్తాడు. ఇరవై ఏళ్ళుగా వింటున్న ఈలే. రెండో రోజు మాత్రం పానా నేలకేసి కొట్టి, "నోరు మూస్తావా లేదా" అని అరిచాను. అతను ఈల ఆపి నావైపు చూశాడు.

"ఎన్ని దినాలాయె అన్నా?"

"రెండు."

"మా చిన్నాయన మానినప్పుడు ఎద్దును కొట్టె. నువ్వు పానాను కొడితివి. పర్వాలే, ముందుకు పోయినట్టే."

ఆ రోజు నుంచి అతను తన పొట్లం నా ముందు విప్పలేదు. పెట్టుకోవాలంటే దూది గోడౌను వెనక్కి పోయి వచ్చేవాడు. మానమని నేను అడగలేదు, మానతానని అతనూ అనలేదు. అంత దూరం నడిచి పోవడం మాత్రం రోజూ చూసేవాణ్ణి.

ఇంట్లో ఇంకా చెడ్డగా ఉండేవాణ్ణి. మూడో రోజు కాఫీ చల్లారిందని గ్లాసు విసిరాను. కావ్య పరీక్షకు చదువుకుంటోంది. లేచి గ్లాసు తీసి, తుడిచి, మళ్ళీ కూర్చుంది. భాగ్యం మాత్రం గుమ్మంలో నిలబడి అంది: "మామా, నువ్వు తినేటప్పుడు మంచి మనిషివా, మానితే మంచి మనిషివా, నాకు ఒకటీ తెలియకుండా ఉండాది." నవ్వు ఆపుకోలేక కావ్య పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వు రాలేదు కానీ కోపం దిగింది.

పొగాకు తలపు లేచినప్పుడు ఓర్చుకోవడం కావ్యే నేర్పింది. "నాయినా, వొచ్చిందా? చెప్పు, టైము పెడతా" అని ఫోను తీసేది. తలపు మొదలైనప్పటి నుంచి తగ్గేదాకా కొలిచేది. ఐదు నిమిషాలు, ఏడు నిమిషాలు, ఒకసారి తొమ్మిది. అంతకు మించి ఎప్పుడూ పోలేదు. రోజంతా వేధిస్తుందనుకున్నది నిజానికి చిన్న చిన్న ముక్కలుగా వస్తోందని అలా తెలిసింది. మానేవాళ్ళకు నేను చెప్పగలిగిన పనికొచ్చే మాట ఇదొక్కటే: గడియారం పెట్టి చూడండి.

రెండో వారానికి తల తేలికైంది. అన్నంలో ఉప్పు ఎక్కువైందని అమ్మతో అన్నాను. ఎప్పటి ఉప్పే అంది. నా నాలుకకే ఇప్పుడు తెలుస్తోంది. విరేచనం సరిగా అయ్యేది కాదు, ఆకలి మాత్రం విపరీతం. చెయ్యి దానంతటది చొక్కా జేబులోకి పోయేది. ఒక ఆదివారం భాగ్యం నా చొక్కాలన్నీ ముందేసుకుని, జేబులకు అడ్డంగా కుట్టు వేసేసింది. మిల్లులో నా చెయ్యి జేబు దగ్గరకు పోయి జారిపోవడం చూసి సెబాస్టియన్ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. ఆ వారం నాకు కొంచెం గర్వం వచ్చింది. ఇక గెలిచేశానని నలుగురితో చెప్పుకున్నాను.

ఇరవై మూడో రోజు నాయన తిథి వచ్చింది.

మా ఇళ్ళల్లో పెద్దలకు పెట్టేటప్పుడు, పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి, ఫోటో ముందు దీపం వెలిగించి, అందరం బయటికి వచ్చి తలుపు మూస్తాం. వాళ్ళు వచ్చి తినేటప్పుడు మనం చూడకూడదు. కొంతసేపయ్యాక పెద్ద కొడుకు మూడుసార్లు తలుపు తట్టి, ముందుగా ఒక్కడే లోపలికి పోయి కర్పూరం వెలిగిస్తాడు. తర్వాతే మిగతావాళ్ళు. నాయనకు కోడి పులుసు, వడ, గ్లాసు నిండా కాఫీ పెట్టాం. అమ్మ చివర్లో చిన్న తమలపాకు మీద పొగాకు ముక్క, గోరంత సున్నం పెట్టింది. ప్రతి ఏడూ పెట్టేదే. నేను మానేశానని ఆమెకు తెలుసు. ఎందుకు మానేశానో తెలియదు. పన్ను నొప్పికి పొగాకు పడదని మానేశాననుకుంటోంది. పొగాకు పెట్టొద్దని భాగ్యం ఎట్లా అంటుంది? నేను అనొచ్చు. అనలేదు.

తలుపు తట్టాను. లోపలికి పోయాను. గదిలో సాంబ్రాణి, కోడి పులుసు, వాటి మీదుగా పొగాకు వాసన. ఇరవై మూడు రోజుల తర్వాత ఆ వాసన నా ముక్కుకు ఎంత బాగా తెలిసిందో చెప్పలేను. కర్పూరం కోసం వంగాను. కర్పూరానికి పోవాల్సిన చెయ్యి తమలపాకు మీదికి పోయింది. నాకు తెలియకుండా పోయిందని చెప్పను. తెలుసు. సున్నం కూడా రాసుకున్నాను. తర్వాత కర్పూరం వెలిగించి, రమ్మని పిలిచాను.

అమ్మ ముందుగా వచ్చింది. ఆకు వైపు చూసింది. వంగి దగ్గరగా చూసింది. వడ వడలాగే ఉంది, కాఫీ కాఫీలాగే ఉంది. తమలపాకు ఖాళీ.

"భాగ్యా, రాయే, చూడే! పొగాకు తీసుకునె! మీ మామ వొచ్చి పొగాకు తీసుకునె!"

మా చుట్టాలు, వీధిలోవాళ్ళు ఇద్దరు ముగ్గురు లోపలికి తొంగిచూశారు. ఎవరో ఎలుక అయ్యుంటుందిలే అన్నారు. అమ్మకు కోపం వచ్చింది. "ఎలుక వడ వొదిలి పొగాకు తింటుందా? నా కొడుకు మానేసి ఇరవై మూడు దినాలు. ఈ ఇంట్లో తినేవాళ్ళు ఇంకెవరుండారు? ఎవరు తీసింటారు, చెప్పండి!"

నేను మానేశాననేదే ఆమె సాక్ష్యం. ఆమె చేతులెత్తి మొక్కింది. నాయన పోయిన ఈ ఎనిమిదేళ్ళలో ఆమె మొహం అలా వెలగడం నేను చూడలేదు. నోట్లో ఉన్నది మింగలేక, ఉమ్మలేక, పెదాలు బిగించి నిలబడ్డాను.

పక్కింటి సుబ్బక్క తలుపు దగ్గరే ఉంది. ఆమె భర్త పోయి మూడేళ్ళు. "మేమూ ఏటేటా పెడతాం. మా ఆయన ఒక్క దినమూ ముట్టలేదు పెద్దమ్మా" అంది మెల్లగా. ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు.

వడ్డన మధ్యలో భాగ్యం నన్ను వంటింట్లోకి పిలిచింది.

"నోరు తెరువు మామా."

తెరిచాను. ఆమె చూసింది. కడుక్కోమని చెంబుతో నీళ్ళిచ్చింది.

"అత్తకు నువ్వే చెప్పల్ల. నేను చెప్తే అది కోడలు చెప్పిన మాట అవుతుంది."

చెప్తానన్నాను. ఈరోజు కాదు, చుట్టాలు పోనీ అన్నాను. చుట్టాలు పోయారు. రేపు అన్నాను. భాగ్యం మళ్ళీ అడగలేదు. నా చొక్కాలు ఉతికి ఆరేసేటప్పుడు జేబుల కుట్టు అలాగే ఉందో లేదో చేత్తో తడిమి చూసేది, అంతే. మూడో రోజుకల్లా నేను మిల్లు ఎదుట కొట్లో పొట్లం కొన్నాను. దాన్ని సైకిల్ సీటు కింద దాచాను. ఇన్నాళ్ళూ నా ముందు విప్పకుండా దూరం పోయిన సెబాస్టియన్‌ను, నేనే గోడౌను వెనక కలిశాను. అతను తన పొట్లం మూసి లోపల పెట్టుకుని వెళ్ళిపోయాడు. దానికి నాకు సిగ్గేసింది, కానీ ఆపేంత సిగ్గు కాదు.

తర్వాత అమావాస్య వచ్చింది. అమ్మ కొత్త ఏర్పాటు చేసింది. ఏడాదికొకసారే ఎందుకు, ఆయనకు ఇష్టం కదా, ఇక ప్రతి అమావాస్యకూ పెడతానంది. తానే సంతకు పోయి, ఏరి, మంచి ఆకు కొనుక్కొచ్చింది. "ఈ పొగాకు మీ నాయన చూస్తే సంతోషపడతాడు సామీ" అని నాకే చూపించింది. దీపం వెలిగించింది, తలుపు మూసింది, నన్ను తట్టమంది.

ఆ రోజు కూడా తిన్నాను. మొదటిసారి ఆశకొద్దీ తిన్నాను. రెండోసారి, తినకపోతే అమ్మ బాధపడుతుందని నాకు నేనే చెప్పుకుని తిన్నాను. ఆమె సంతోషం కోసం నా ఆరోగ్యం పాడుచేసుకుంటున్నాను అన్నంత దాకా పోయింది నా ఆలోచన. నా జీవితంలో అంతకంటే నీచమైన ఆలోచన నాకు రాలేదు. నికోటిన్ ఒంట్లోంచి పోయేటప్పుడు తలనొప్పి వస్తుందని అందరూ చెబుతారు. అది పోకుండా ఉండడానికి మన నోటితోనే ఎంత మంచి మాటలు చెప్పిస్తుందో ఎవరూ చెప్పరు.

రెండు నెలల గడువుకు ఆసుపత్రికి పోయాం. మళ్ళీ అవే బల్లలు. ఆ పెద్దాయన కోసం చూశాను, కనిపించలేదు. డాక్టరమ్మ లైటు వేసి చూసి, "తగ్గలేదు. ఆపలేదు కదూ?" అంది. భాగ్యం గోడవైపు చూస్తోంది. ఆపలేదన్నాను. డాక్టరమ్మ నన్ను సలహా గదికి పంపింది. భాగ్యం బయటే ఉండిపోయింది. అక్కడ మేడంకు మొత్తం చెప్పాను, తమలపాకు మొదలుకుని. చెబుతుంటే నాకే నవ్వు వచ్చింది. ఆమె నవ్వలేదు.

"ఇప్పుడు మీ ఇంట్లో పొగాకు ఎక్కడుంది?"

"దేవుడి అలమరలో. వచ్చే అమావాస్యకు."

"కొనేదెవరు?"

"మా అమ్మ."

"కొనొద్దని ఆమెకు ఎవరు చెప్పాలి?"

మేడం ఇంకో కట్ట పట్టీలు రాసి, "మధ్యలో జారినవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టడం ఈ గదిలో రోజూ జరిగేదే. మొదటి రోజు నుంచి లెక్క పెట్టుకోండి" అంది. బస్సులో భాగ్యం పక్కన కూర్చుని, సైకిల్ సీటు కింద పొట్లం ఉందని చెప్పాను. "తెలుసు" అంది. ఎన్నాళ్ళుగా తెలుసు అని అడిగే ధైర్యం లేకపోయింది.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం. అమ్మ అరుగు మీద కూర్చుని చేటలో మునగాకు దూస్తోంది. చెప్పులు విడవకుండానే ఎదురుగా కూర్చున్నాను. లేచి లోపలికి పోతే మళ్ళీ రేపు అంటానని తెలుసు.

"అమ్మా, నాయన పొగాకు నేనే తింటిని."

"ఏ పొగాకు?"

"తిథి దినం పెట్టింది. ఆకులోంచి తీసి నేనే తింటిని."

చేతులు ఆగాయి. "అమాసదీ?"

"అదీ నేనే."

ఆమె మళ్ళీ ఆకు దూయడం మొదలుపెట్టింది. రెండు రెమ్మలు అయిపోయాయి. మూడోది చేతిలోకి తీసుకుని, దూయకుండా పట్టుకుంది.

"అంటే, ఆయన రాలేదా?"

తెలియదమ్మా అన్నాను. పన్ను నొప్పి కాదని, బుగ్గలో తెల్లమచ్చ ఉందని, అది ఏ దారిలో ఉందో డాక్టరమ్మ ఏం చెప్పిందో, అన్నీ చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"నోరు తెరువు."

చిన్నప్పుడు మట్టి తిన్నానేమోనని చూసినట్టు, గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. ఆమెకు చూపు సరిగా ఆనదు. చీర కొంగుతో వేళ్ళు తుడుచుకుని లోపల పెట్టి చూసింది.

"రెండు వేళ్ళు కూడా సరిగా పోలేదే సామీ" అంది. అని, "దీన్ని నేను సంతలో ఏరి ఏరి కొంటినే, నా చేత్తో పెడితినే" అంటూ నన్ను భుజం మీద కొట్టడం మొదలుపెట్టింది. గట్టిగానే కొట్టింది. లోపలి నుంచి కావ్య వచ్చి "అవ్వా, చాలు" అనేదాకా కొట్టింది. కదలకుండా కూర్చున్నాను. తర్వాత లేచి, అలమరలోంచి పొగాకు తెచ్చి, పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు అందరం దగ్గుతూ వీధిలోకి వచ్చాం.

లెక్క ఆ రోజు నుంచి మళ్ళీ మొదలైంది. రెండోసారి మొదటి మూడు రోజులు మొదటిసారికంటే తేలిగ్గా ఏమీ లేవు, ఆ భ్రమ వద్దు. అదే తాడు తల చుట్టూ, అదే కోపం. ఒక్కటే తేడా. ఈసారి తలపు వచ్చినప్పుడు వచ్చిందని పైకి చెప్పేవాణ్ణి, అమ్మతో సహా. ఇప్పుడు తొమ్మిదో నెల. మచ్చ కొంచెం చిన్నదైందని డాక్టరమ్మ అంటోంది, పోయిందని అనడం లేదు. రెండు వేళ్ళు సులువుగా పోతున్నాయి, మూడోది ఇంకా లేదు. ఆరు వారాలకొకసారి పోయి ఆ బల్లల మీద కూర్చుంటాను. పోయేటప్పుడు రెండు మజ్జిగ పొట్లాలు ఎక్కువ తీసుకెళ్తాను.

చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. పొగాకు కాల్చిన రోజు సాయంత్రం అమ్మ అన్నం తినలేదు. అడిగితే, "వీధంతా చెప్పుకుంటినే. ఇప్పుడు ఏ మొహంతో బయట కూర్చునేది? ముసలిదానికి మతి పోయిందని నవ్వుతారు" అంది. నేనే పోయి చెప్తానన్నాను. "ఏమని?" అంది. జరిగింది జరిగినట్టే అన్నాను.

మరుసటి రోజు ఆదివారం. ఆమె ఎవరెవరితో చెప్పిందో అడిగి, ఇల్లిల్లూ తిరిగాను. గుమ్మంలో నిలబడి, "ఆ దినం పొగాకు తినింది నాయన కాదు, నేను. మా అమ్మ నన్ను నమ్మి అట్ల చెప్పె. తప్పు నాది" అనేవాణ్ణి. ఒకాయన పగలబడి నవ్వి, "అయితే ఇకమీద నీకే మొక్కుకుంటాం, కోరిన కోరిక ఇస్తావా?" అన్నాడు. ఇంకో ఇంట్లో, తినడానికి నీకు వేరే చోటే దొరకలేదా అని తిట్టారు. తిట్టించుకున్నాను. ఒకామె మాత్రం తలుపు దగ్గరకు వేసి, తన భర్త సంచిలో కూడా పొట్లం ఉందని, ఆ ఆసుపత్రి గది ఎక్కడని అడిగింది. చెప్పాను.

చివరికి సుబ్బక్క ఇంటికి పోయాను. పక్కిల్లే అయినా చివరికి మిగిల్చాను. ఆ రోజు తలుపు దగ్గర ఆమె అన్న మాట నాకు అప్పటికి గుర్తొచ్చింది.

లోపల ఆమె భర్త ఫోటో ఉండాల్సిన గోడ మీద పెచ్చు ఊడిన గుంట కనిపించింది. నేను చెప్పింది ఆమె మొత్తం విన్నది.

"నిజమా తంబీ? నీ బిడ్డ మీద ఒట్టా?"

"ఒట్టక్కా. నేనే తింటిని."

ఆమె నేల మీద కూలబడింది. "మీ నాయన వొచ్చె, మా ఆయన రాకపోయె అనుకుంటిని. కడపట ఆసుపత్రిలో ఆయన కాఫీ అడిగితే, డాక్టర్ వద్దనెనని ఇవ్వకపోతిని. ఆ కోపం ఇంకా పోలేదేమో, అందుకే నా చేతి కూడు ముట్టలేదేమో అనుకుంటిని. నెల పైనాయె తంబీ, ఆయనతో మాటలాడేది మానేస్తిని. ఫోటో చూడలేక పీకి లోపల పెట్టేస్తిని."

ఇంటికి పోయి సుత్తి, పొడుగు మేకు తెచ్చాను. మంచం కింద గోనెసంచిలో చుట్టిపెట్టిన ఫోటోను ఆమె తీసి, కొంగుతో అద్దం తుడిచింది. పాత గుంటలో మేకు నిలవదు. అందుకని జానెడు పక్కన, గట్టి ఇటుక చూసి కొట్టి, తగిలించాను. ఆమె గుమ్మం దాకా వెనక్కి నడిచి, తల పక్కకు వంచి చూసింది.

"వంకరగా ఉండాది. ఎడంపక్క కొంచెం ఎత్తు" అంది నాతో. ఎత్తాను. తర్వాత ఫోటో వైపు చూస్తూ, "కాఫీ పెడతా, ఉండు" అంది.

అది నాకు కాదని అర్థమై, సుత్తి తీసుకుని బయటికి వచ్చేశాను.